మా వదినను చూసిన పాము

మా వదిన తెరేసమ్మకు భయమంటే ఏమిటో తెలియదని ఊళ్ళో పేరు. ఆ పేరు పెట్టిన మహానుభావులెవరూ ఆమెతో ఒక ఇంట్లో ఉండలేదు. నేను ఉన్నాను. ఉరిమితే నులకమంచం కింద దూరేది. ఆదివారం పూజకు బయలుదేరి, తలుపుకు తాళం వేసి, వీధి మలుపు దాకా వచ్చి, మళ్ళీ వెనక్కి పోయి తాళం లాగి చూసేది. మా అన్నయ్య మరియదాసు శనివారం బస్సుకు రావడం కాస్త ఆలస్యమైతే చాలు, కాలువ వంతెన దాకా పోయి నిలబడేది. "ఏమే, నేనేమన్నా తప్పిపోయే పిల్లాణ్ణా?" అని అన్నయ్య విసుక్కుంటే, "తప్పిపోతే వెతకాల్సింది నేనేగా!" అనేది.

అయితే ఒకటి చెప్పాలి. ఎంత భయమున్నా చేయాల్సిన పని ఆపేది కాదు. ఊరు చూసింది ఆ పనిని. లోపలి వణుకు చూసింది నేను. అందుకే ఆమె గురించి ఎవరడిగినా నేను ఆ పసిరిక పాము సంగతే చెబుతాను. దివిసీమ ఉప్పెనకు ముందు ఏడాది మాట ఇది.

మా ఊరు కంకిపాడు దాటాక, కాలువ గట్టు పట్టుకుని లోపలికి పోతే వస్తుంది. వరి మడుల మధ్య అక్కడక్కడా తమలపాకు తోటలుండేవి. ఆకుతోట చూడనివాళ్ళకు చెబుతున్నాను. అవిస చెట్లు దగ్గర దగ్గరగా వరసల్లో పెంచి, వాటి మీదికి తమలపాకు తీగను పాకిస్తారు. వరసకూ వరసకూ మధ్య నీళ్ళు పారే బోదె. చుట్టూ తాటాకు దడి. తడిక తోసుకుని లోపలికి పోయామంటే, బయట రోళ్ళు పగిలే ఎండ కాస్తున్నా లోపల చెమ్మే. గాలి ఆడదు. ఎటు చూసినా ఆకుపచ్చే. పక్కమనిషి ముఖం కూడా పచ్చగా కనిపించేది.

పై ఆకు మగవాళ్ళు నిచ్చెనలు వేసుకుని కోసేవాళ్ళు. చేతికందే ఆకు మా ఆడవాళ్ళది. బొటనవేలికి ఇనుప గోరు తొడుక్కుని, తొడిమ దగ్గర టిక్కున గిల్లి, ఎడమ చేతిలో దొంతి పెట్టుకుంటూ పోవాలి. వదినకు ఆ గోరు ఎంత అలవాటైపోయిందంటే ఇంట్లో బెండకాయ ముచ్చికలు కూడా దానితోనే గిల్లేది. నేను ఆ ఏడు పదో తరగతి లెక్కల్లో తప్పి ఇంట్లో కూర్చుంటే, "లెక్కలు రాకపోతే ఆకులన్నా గిల్లు" అని వదినే నన్ను తోటకు లాక్కుపోయింది. అప్పటికి నాకు ఒళ్ళంతా కోపమే. ఇప్పటికీ పెద్దగా తగ్గలేదనుకోండి.

తోట పద్మావతమ్మ గారిది. ఆవిడ అత్తగారి అత్తగారి కాలం నుంచీ అందులో కొన్ని కట్టుబాట్లున్నాయి. చెప్పులతో రాకూడదు. కాళ్ళు కడుక్కోనిదే అడుగు పెట్టకూడదు. తోటలో పామును చంపకూడదు, చంపితే తీగ నిలువునా ఎండిపోతుంది. నెలలో బయటున్న రోజుల్లో ఆడది తడిక దాటకూడదు. గుడికి పోయేవాళ్ళకైనా, చర్చికి పోయే మాకైనా ఒకటే రూలు. దీనివల్ల ఒక చోద్యం జరిగేది. ఒక మనిషి నెలంతా ఒక్కరోజూ మానకుండా కోతకు వస్తోందంటే మేస్త్రి రత్తయ్యకు సంగతి అర్థమైపోయేది. మా ఊళ్ళో కడుపు కబురు మొగుడికంటే ముందు మేస్త్రికి తెలిసేది!

వదిన సంగతీ అట్లాగే తెలిసింది. రెండో నెల కూడా ఆమె మానకపోయేసరికి రత్తయ్య మీసాల చాటున నవ్వి, "ఏమ్మా తెరేసమ్మా, మరియదాసుకి చెప్పావా, ఇంకా లేదా?" అన్నాడు.

వేరే ఆడదైతే సిగ్గుపడేది. వదిన మొహం పాలిపోయింది. "మేస్త్రిగారూ, మీకు దణ్ణం పెడతా. ఎవరితోనూ అనబాకండి" అంది.

ఎందుకంటే అంతకుముందు రెండుసార్లు నిలవలేదు. మొదటిది మూడో నెలలోనే జారిపోయింది. రెండోది కదలిక తెలిశాక, ఐదో నెలలో పోయింది. అప్పటికే వదిన పాత చీరలు చింపి పొత్తిగుడ్డలు కుట్టి పెట్టుకుంది. వాటిని ట్రంకుపెట్టె అడుగున సర్దింది నేనే. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అనే సామెత అప్పట్నుంచీ మా ఇంట్లో ఎవరమూ సరదాకైనా వాడలేదు.

ఈసారి నిలిచింది. ఐదు దాటింది. ఆరు దాటింది. వదిన పొద్దున లేస్తూనే పొట్ట మీద చెయ్యి వేసుకుని, బిడ్డ కదిలిందాకా మంచం దిగేది కాదు. కదిలాక "ఆ, ఉన్నాడు" అని లేచి పొయ్యి వెలిగించేది. నాకు నవ్వొచ్చేది. నవ్వితే తిట్టేది.

ఏడో నెల వచ్చేసరికి ముసుర్లు పట్టాయి. వానలకు తోటలో పసిరిక పాములు దిగాయి.

పసిరిక పాము నేల మీద తిరిగే రకం కాదు. చెట్టు మీదే పుట్టి చెట్టు మీదే బతుకుతుంది. వేలి లావున సన్నగా, పొడుగ్గా, తీగ ఏ పచ్చ ఉంటుందో ఆ పచ్చే ఉంటుంది. మూతి మొనదేలి ఉంటుంది. గాలికి తీగ ఊగితే అదీ ఊగుతుంది. ఆకు గిల్లబోయేవాళ్ళ మొహానికి సరిగ్గా ఎదురుగా వేలాడుతుంది. అది మనిషి కళ్ళల్లోకే కొడుతుందని మా వైపు గట్టి నమ్మకం. "నేల పాము కాలు చూస్తుంది, చెట్టు పాము కన్ను చూస్తుంది" అనేది సంపూర్ణమ్మ పిన్ని. కోతకొచ్చే ఆడవాళ్ళలో ఆవిడే పెద్దది, మాకు వరసకు పిన్ని. మనసు వెన్న. నోరు మాత్రం దేవుడికే తెలియాలి. ఆ నోట్లో నువ్వుగింజ నానదు.

పాము కనిపించిందన్న మర్నాడు సగం మంది కోతకు రాలేదు. వచ్చినవాళ్ళు తడిక దగ్గరే నిలబడ్డారు. చంపడానికి లేదు. ఆకు ఆపడానికీ లేదు, ముదిరితే ఎవడూ కొనడు. రత్తయ్య తలపాగా తీసి మళ్ళీ చుట్టుకుని, "ఏంటమ్మా మీ భయం? మన తెరేసమ్మ ఉందిగా! తెరేసమ్మా, నువ్వు ముందు నడువు" అన్నాడు.

చూలాలు ఎదురుపడితే పాముకు చూపు పోతుందంటారు. ఎక్కడున్నది అక్కడే గుడ్డిదై పడి ఉంటుందట. ఇది మా ఊళ్ళో చిన్నా పెద్దా అందరూ నమ్మిన మాట. పుస్తకాలు చదువుకున్న నేనూ నమ్మాను, అబద్ధమెందుకు.

వదిన ముందు నడిచింది. నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. కొంగు బొడ్లో దోపి, పొట్ట ముందుకు పెట్టుకుని, బోదె గట్టు మీద ఒక్కో అడుగూ వేసుకుంటూ పోయేది. వెనక మేమందరం. ఒక్కో చెట్టు దగ్గరా ఆగి, తీగ పైకీ కిందికీ చూసి, నాలుగు ఆకులు గిల్లి, "రండి" అనేది. అప్పుడు మేం కదిలేవాళ్ళం. ఆ మాటకు జనం మళ్ళీ కోతకు రావడం మొదలుపెట్టారు. తెరేసమ్మ వస్తే గాని తడిక తీసేవాళ్ళు కాదు. పద్మావతమ్మ గారు స్వయంగా మజ్జిగ పంపించారు. ఊళ్ళో రెండుసార్లు కడుపు పోయిన మనిషని చాటున అనుకున్నవాళ్ళే ఇప్పుడు "తల్లీ, మా వరసలోకి కూడా రా" అని పిలిచేవాళ్ళు. వదిన భయపడుతూనే మురిసిపోయింది. ఇంటికొచ్చి, "అమలా, నా కడుపులో ఉన్నవాడు ఇప్పుడే ఉద్యోగం చేస్తన్నాడే" అని నవ్వింది.

అట్లా కొన్నాళ్ళు గడిచాయి. ఆ పొద్దు కూడా సన్నగా తుంపర పడుతోంది. వదిన వెనక నేను, నా వెనక కాస్త ఎడంగా సంపూర్ణమ్మ పిన్ని, ఆవిడ వెనక మిగతావాళ్ళు. ఒక చెట్టు దగ్గర వదిన చెయ్యి చాపింది. ఇనుప గోరు తొడిమ దగ్గరికి పోయింది. అక్కడే ఆగిపోయింది.

తొడిమ అనుకున్నది తొడిమ కాదు.

ఆమె మొహానికి జానెడు దూరంలో పాము తల. దాని కళ్ళు మామూలు పాము కళ్ళలా గుండ్రంగా లేవు. కంటిపాప అడ్డంగా గీత గీసినట్టుంది. వదిన ఊపిరి బిగబట్టి మెల్లగా కుడి పక్కకు ఒరిగింది. పాము తల కుడి పక్కకు తిరిగింది. ఎడమకు ఒరిగింది. అదీ ఎడమకు తిరిగింది. మళ్ళీ కుడికి. మళ్ళీ అదీ కుడికి. సన్నటి నాలుక బయటికి చాపి అట్లాగే పెట్టుకుని, ఆమెను చూస్తోంది. నేను ఆమె భుజం పక్క నుంచి చూస్తున్నాను. నా కాళ్ళు బోదె బురదలో దిగబడిపోయాయి.

"ఏంటే తెరేసా, ఆగావు?" అని వెనక నుంచి పిన్ని అరిచింది.

"పసిరిక... ఉంది పిన్నీ" అంది వదిన.

"కళ్ళు పోయాయా దానికి?"

వదిన నా వైపు చూసింది. ఆ చూపు నేను ఈ జన్మలో మరిచిపోను. అప్పటిదాకా నాకు తట్టలేదు, ఆ చూపుతో తట్టింది. చూలాలిని చూస్తే పాముకు కళ్ళు పోవాలి. దీనికి పోలేదు. పోలేదంటే ఆమె కడుపులో... వదిన పెదవులు రెండుసార్లు కదిలాయి గాని మాట రాలేదు. మూడోసారి వచ్చింది.

"ఆ. పోయాయి."

"అమ్మయ్య! ఇంకేం, గుడ్డి పాముకు భయమేంటి? కర్రతో పక్కకు నెట్టేసి కోసేద్దాం. ఆ చెట్టుకు లేతాకు బాగుంది" అంటూ పిన్ని బోదె దాటి వచ్చేస్తోంది. చేతిలో కర్ర కూడా లేదు. ఆవిడ కళ్ళు అప్పటికే మసకలు. మొహం దగ్గరగా పెడితే గాని ఆకు ఆనదు. ఆ చెట్టు అవతలి వైపు నుంచి తీగలోకి మొహం పెట్టబోయింది. పాము తల ఇటు నుంచి అటు తిరిగింది.

అప్పుడు వదిన అరిచింది. తోటంతా దద్దరిల్లేలా అరిచింది.

"రావద్దు పిన్నీ! రావద్దు! అది చూస్తోంది! దానికి కళ్ళున్నాయి!"

పిన్ని వెనక్కి పడి బోదెలో కూలబడింది. పాము తీగల్లోకి జారి మాయమైపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. ఎవరూ పాము ఎటు పోయిందని అడగలేదు. అందరూ మా వదిన పొట్ట వైపు చూశారు. రత్తయ్య మాత్రం తల తిప్పుకున్నాడు. "తెరేసమ్మా, ఇంటికి పోమ్మా" అన్నాడు. ఆ మర్యాద చూసి నాకు ఏడుపొచ్చింది.

నాకు ఏడుపొస్తే కోపంగానే వస్తుంది. "ఏంటా చూపులు? ఇక్కడేమన్నా తోలుబొమ్మలాటా?" అని అందరినీ కసిరి, వదిన చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను.

దారంతా ఆమె పొట్ట మీద రెండు చేతులూ పెట్టుకుని నడిచింది. కాలువ వంతెన మీదికొచ్చాక ఆగి, "పొద్దున కదిలాడు అమలా. ఇప్పుడు కదలట్లేదు" అంది.

"నిద్రపోతున్నాడేమో వదినా."

"అంత అరుపు అరిచాను. లేవడా?"

వంతెన మీదే నిలబడి, వచ్చిన మొదటి బస్సెక్కి బెజవాడ బయలుదేరాం. కాళ్ళకు తోట బురద అట్లాగే ఉంది. వదిన బొటనవేలికి ఇనుప గోరు కూడా తియ్యలేదు.

దారిలో ఆటోనగర్‌లో దిగాం, అన్నయ్య కోసం. అన్నయ్య అక్కడ ఒక షెడ్డులో లారీలకు బాడీ కట్టే పనిలో ఉండేవాడు. వారమంతా అక్కడే పడుకుని శనివారం ఇంటికొచ్చేవాడు. లారీ అడుగున చెక్కలు బిగిస్తున్నవాడు మమ్మల్ని చూసి సుత్తి కింద పెట్టాడు. ఏమైందని అడగలేదు. మూడోసారిగా, అడగకుండానే తెలిసిపోతుంది. చేతుల గ్రీజు గుడ్డకు తుడుచుకుంటూ వచ్చి, "పద" అన్నాడు. రిక్షాలో వదిన మా ఇద్దరి మధ్యా కూర్చుంది. బెజవాడ రోడ్ల గతుకులకు రిక్షా ఎగిరిపడినప్పుడల్లా అన్నయ్య రిక్షావాణ్ణి తిట్టాడు. వాడు పాపం ఒక్క మాటా తిరిగి అనలేదు.

మిషన్ ఆసుపత్రిలో ఒక పెద్ద సిస్టరు గారు వదినను బల్ల మీద పడుకోబెట్టి, చిన్న గొట్టం పొట్ట మీద ఆనించి, రెండో చివర చెవి పెట్టారు. విన్నారు. గొట్టం పక్కకు జరిపి విన్నారు. మళ్ళీ జరిపారు. కనుబొమలు ముడిపడ్డాయి. గోడకున్న మరియమాత పటం వైపు చూస్తూ అన్నయ్య పెదవులు కదుపుతున్నాడు గాని, పరలోక జపం సగంలో మరిచిపోయి మళ్ళీ మొదలుపెడుతున్నాడు. నేను సిస్టరు గారి మొహం తప్ప ఏమీ చూడలేదు. ఆ ముడి విడుతుందా లేదా అన్నదే నా ప్రపంచం.

"ఎడమ పక్కకు తిరుగమ్మా" అన్నారు.

వదిన తిరిగింది. సిస్టరు గారు మళ్ళీ చెవి పెట్టారు. ఈసారి కళ్ళు మూసుకున్నారు. కాసేపటికి తల ఎత్తకుండానే నన్ను వేలితో పిలిచి, నా చెవి ఆ గొట్టానికి ఆనించారు. మొదట ఏమీ వినపడలేదు. నా గుండె చప్పుడే నాకు అడ్డమొచ్చింది. తర్వాత దూరంగా, రైసుమిల్లు అవతలి ఊళ్ళో ఆడుతున్నట్టు, టకటకటకటకమని ఒకటే పరుగు.

"వదినా, ఉన్నాడు!" అన్నాను. ఇంకా ఏదో అనబోయాను గాని నోరు వంకర్లు పోయింది. అన్నయ్య ఆ గ్రీజు చేతులతోనే మొహం కప్పుకున్నాడు. వదిన మాత్రం ఏడవలేదు. "సరిగ్గా విన్నావా? నీది కాదుగా?" అని నన్నే అడిగింది.

ఇక్కడితో కథ కంచికి పోవాలి. మా పిన్ని నోరు పోనిస్తేనా!

మర్నాడు ఊరంతా వచ్చింది చూడ్డానికి. రత్తయ్య తోటలోంచి లేతాకు పంపించాడు. సంపూర్ణమ్మ పిన్ని వదిన రెండు చేతులూ పట్టుకుని, "నా కళ్ళు కాపాడావు తల్లీ, నీ కడుపు చల్లగుండ!" అని భోరున ఏడ్చింది. అది నిజం ఏడుపే. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, తమలపాకుకు సున్నం రాసుకుంటూ ఆలోచనలో పడింది. తర్వాత, ఎవరినీ ఉద్దేశించకుండా అన్నట్టు, "మరి పాముకు పోవాల్సిన చూపు పోలేదు. బిడ్డ బాగానే ఉన్నాడు. పోవాల్సింది ఎక్కడో అక్కడ పోవాలిగా? ఎవరి మీద పడిందో ఏమో" అంది.

నేను వంటింట్లోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చాను. "పిన్నీ, లేచి ఇంటికి పో! లేకపోతే ఈ గరిటె నీ మీద పడుద్ది!" అన్నాను. పిన్ని నొచ్చుకుంది. "నేనేమన్నానే? నోరు జారింది" అని లెంపలేసుకుంది. కానీ జారిన మాట నేల మీద పడలేదు. వదిన చెవిలో పడింది. ఆమె చెయ్యి అప్పటికే పొట్ట మీదికి పోయింది.

ఆ మీద రెండు నెలలూ మా ఇల్లు ఇల్లులా లేదు. బిడ్డ కదిలితే సంతోషించేది, వెంటనే "కదులుతాడు సరే, చూస్తాడా?" అనేది. కళ్ళకు మంచిదని ఎవరో చెబితే రోజూ అవిసాకు కూర, అవిసాకు పప్పు, అవిసాకు వేపుడు. అన్నయ్య శనివారం వచ్చి కంచం చూసి, "లారీకి కూడా ఇంత మేత పెట్టంగదే" అని గొణిగేవాడు. సిస్టరు గారి దగ్గరికి మళ్ళీ వెళ్ళినప్పుడు వదిన సిగ్గు వదిలేసి అడిగింది, కడుపులో ఉండగా కళ్ళు పోతాయా అని. ఆవిడ ఎవరు చెప్పారమ్మా నీకీ మాట అని కోప్పడి, గుడ్డి నమ్మకాలు పెట్టుకోవద్దన్నారు. వదిన తల ఊపింది. బయటికొచ్చాక, "ఆవిడకేం తెలుసు, ఆవిడ ఆ పామును చూసిందా?" అంది. వదిన నిండు నెలల మనిషి, గుణదల కొండ ఎక్కలేదు. అన్నయ్యే ఎక్కి, వెండి కళ్ళు చేయించి సమర్పిస్తానని మాతకు మొక్కుకుని వచ్చాడు.

మళ్ళీ తోటకు పోలేదు వదిన. రమ్మని రత్తయ్యా అడగలేదు. ఆడవాళ్ళు ఆ చెట్టు ఒక్కటీ వదిలేసి, మొహానికి అడ్డంగా తువ్వాలు కట్టుకుని కోత సాగించారు.

క్రిస్మస్ ముందు ఆడపిల్ల పుట్టింది. ఇన్నాళ్ళూ "వాడు, వాడు" అన్నందుకు నేను వదినను ఆటపట్టించబోయాను. ఆమె వినలేదు. బిడ్డ ఏడిచిందా, ఎంత బరువు, ఎవరి పోలిక, ఇవేవీ అడగలేదు. "కళ్ళు తెరిచిందా?" అన్నదే మొదటి మాట. కళ్ళ జబ్బులకు మొక్కుకునే పునీత లూసియమ్మ పండగ ఆ వారంలోనే కాబట్టి సిస్టరు గారు లూసీ అని పేరు పెట్టమన్నారు. పెట్టాం.

లూసీ కళ్ళు తెరిచింది. తెరిచి ఎటో చూసింది. పసిపిల్లల చూపు తెలుసుగా, ఒక కన్ను తూర్పు, ఒక కన్ను పడమర. దీపం దగ్గర పెడితే కళ్ళు మూసుకునేది. మొహం ముందు గాజులు ఆడిస్తే చప్పుడుకు ఉలిక్కిపడేది గాని అటు తిరిగేది కాదు. పుట్టగానే ఎవరికీ చూపు ఆనదు, కొన్ని వారాలు పడుతుందని సిస్టరు గారు చెప్పే పంపించారు. వారాలంటే ఎన్ని? వదిన ఊళ్ళో ఉన్న బాలింతలందరినీ అడిగింది. ఒకళ్ళు మా వాడు మూడో వారానికే గుర్తుపట్టాడన్నారు. ఒకళ్ళు మా పిల్ల పుట్టగానే నన్ను చూసి నవ్విందన్నారు. అబద్ధాలకు అదుపుండాలి! ఆ మాటలు విని వచ్చిన రోజు వదిన అన్నం తినలేదు. పాలిస్తూ బిడ్డ కళ్ళల్లోకే చూస్తూ కూర్చునేది. బిడ్డ ఆమె చెవి పక్క నుంచి గోడను చూస్తూ తాగేది. మనిషి చిక్కి సగమైంది.

"వదినా, గుడ్డిదైతే మాత్రం ఏం చేస్తాం, పెంచుకోమా?" అన్నాను ఒకరోజు, ఉండబట్టలేక.

"పెంచుతానే. ప్రాణం పెట్టి పెంచుతా" అంది. "కానీ నేను ఆ పాము ముందుకు పోయి నిలబడ్డాగా అమలా. మురిసిపోయానుగా. అది ఎట్టా మర్చిపోను?"

సంక్రాంతి దాటింది. ఎండ కాస్త వెచ్చబడింది. ఒక పొద్దున పెరట్లో వదిన పీట మీద కాళ్ళు చాపుకుని, కాళ్ళ మీద లూసీని పడుకోబెట్టుకుని నూనె రాస్తోంది. నేను కాగులోంచి వేణ్ణీళ్ళు తోడుతున్నాను. సంపూర్ణమ్మ పిన్ని బాలింతకు తాంబూలం తెచ్చి, నా గరిటె ఇంకా గుర్తుందేమో, దడి అవతలే నిలబడి, "రానా వద్దా?" అని అడుగుతోంది. నేను కావాలనే జవాబు చెప్పలేదు.

లూసీ కదలకుండా ఉంది. ఏడవట్లేదు, కాళ్ళు తన్నట్లేదు. వదిన నూనె చెయ్యి ఆగిపోయింది. చూస్తే, ఆమె ఊపిరి బిగబట్టి మెల్లగా కుడి పక్కకు ఒరుగుతోంది. ఎక్కడో చూసిన ఒరుగుడు. నా చేతిలో చెంబు అట్లాగే ఉండిపోయింది. లూసీ తల కుడి పక్కకు తిరిగింది. వదిన ఎడమకు ఒరిగింది. ఆ చిన్న తల ఎడమకు తిరిగింది. మళ్ళీ కుడికి. మళ్ళీ అదీ కుడికి. నాలుక కొస బయటపెట్టి, రెండు కళ్ళూ ఒకచోట ఆనించి, వదిన మొహాన్నే చూస్తోంది.

వదిన అరిచింది. పెరడు దాటి, వీధి దాటి, తోటలో రత్తయ్యకు కూడా వినపడేలా అరిచింది.

"రా పిన్నీ! రా! చూస్తోంది! దీనికి కళ్ళున్నాయి!"

పిన్ని తాంబూలం పారేసి, దడి తొక్కుకుంటూ పరిగెత్తుకొచ్చింది.